ఇద్దరు లస్మయ్యలు, ఒక ముత్తవ్వ

కోరుట్ల పట్టణంల, దాని చుట్టుపక్కల మండలాలల్ల చనిపోయినవాళ్లు ఇకమీదట నోరు మూసుకొని ఉండే వీలు లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నము. దినాల నాడు వాళ్లు తప్పనిసరిగ తెర మీదికి వచ్చి, బంధుమిత్రులకు నమస్కారం పెట్టి, పిల్లలను దీవించి, అందరు భోంచేసి పోవాలెనని మర్యాదగ కోరాలె. ఈ ఏర్పాటు చేసింది సర్కారు కాదు. పాత బస్టాండు ఎనుక సందుల ఉన్న మధు డిజిటల్ స్టూడియో.

స్టూడియో ఓనర్ మధుకర్ మంచోడు. ఆ మాట ముందుగాలనే చెప్పిపెట్టుకోవాలె, ఎందుకంటే కథ నడుస్తుంటే మీకు అనుమానం వస్తది. వాళ్ల బాపు పెట్టిన స్టూడియో అది. ఒకప్పుడు ఆ సందుల పెండ్లి జంటలు లైను గట్టేటివి. ఇప్పుడు పెండ్లిళ్లు డ్రోన్లోళ్లు ఎత్తుకపోయిండ్రు, పుట్టినరోజులు ఎవల ఫోన్ల వాళ్లే తీసుకుంటున్నరు. మధుకర్‌కు మిగిలింది పాస్‌పోర్టు సైజు ఫోటో ఒక్కటే. గల్ఫ్ పోయేటోళ్లకు పాస్‌పోర్టుకు, ముసలోళ్లకు పింఛనుకు. వాళ్లు పోయినంక అదే ఫోటోను పెద్దగ జేసి, దండేసి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. గా ఫ్లెక్సీ మీదనే ఇల్లు నడుస్తాంది. కంప్యూటర్ మీద కూసుండి ఫోటోలకు దండలేసేది అతని భార్య దీప. "మన దుకాణం బతుకాలంటే ఊరంత సావాలె, ఏం యాపారమయ్యా ఇది" అని ఆమె రోజుకోసారన్న అంటది.

గట్లాంటి రోజులల్ల జగిత్యాల ఫంక్షన్ హాల్ల ఒక అవగాహన సదస్సు జరిగింది. చిన్న వ్యాపారులు కృత్రిమ మేధను ఎట్ల వాడుకోవాల్నో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు వచ్చిండు. చెవికి మైకు తగిలించుకొని, స్టేజీ మీద ఇటు నుంచి అటు నడుసుకుంట మాట్లాడిండు.

"మిత్రులారా! ఏఐ మీ వ్యాపారాన్ని లాక్కోదు. ఏఐ వాడే మీ పక్కవాడు లాక్కుంటాడు!"

హాల్ల అందరు పక్కకు జూసుకున్నరు. మధుకర్ పక్కపొంటి చికెన్ సెంటర్ ఆయన కూసున్నడు. ఆయన గూడ మధుకర్ దిక్కే అనుమానంగ చూస్తున్నడు.

"మా దుకాణంలో సమస్య ఏమిటి, ఏఐతో ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. అది పాత పద్ధతి. ముందు ఏఐ పెట్టండి. సమస్య దానంతట అదే దొరుకుతుంది!"

చప్పట్లు కొట్టిండ్రు. భోజనాలు బాగున్నయి. ఆ నిపుణుడు చెప్పినదాంట్ల తరువాత అక్షరాల నిజమైంది ఆ ఆఖరి ముక్కనే.

వారం తిరుగకముందే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల మూడు పట్నాలల్ల అభివృద్ధి కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడ్డది. చికెన్ సెంటర్ ఏఐ చికెన్ సెంటర్ అయింది. కోడి అదే, కత్తి అదే, బోర్డు మీద మాత్రం ఒక ఇనుప కోడి కండ్లద్దాలు పెట్టుకొని నవ్వుతాంది. కిరాణం షాపాయన వాట్సాపుకు ఏఐని పెట్టిండు. బెల్లం ఉన్నదా అని ఒకాయన అడిగితే, బెల్లం పుట్టుక, బెల్లంల ఉండే ఇనుము, బెల్లం తింటే ఒంటికి కలిగే లాభాలు అన్ని వివరంగ రాసి, ఇంకేమన్న తెలుసుకోవాల్నా అని అడిగింది గని, బెల్లం ఉన్నదో లేదో చెప్పలే. సిరిసిల్లల ఒక చీరల దుకాణంల మోడల్ పిల్లకు పైసలెందుకు దండుగ అని ఏఐ పిల్లకు చీర కట్టిచ్చిండ్రు. ఆ చీర కొంగు భుజం మీదికెళ్లి పోయి గోడ లోపటికి పోయింది. అయిదారుగురు ఆడోళ్లు వచ్చి, గోడలకు పోయే కొంగు చీరే కావాలెనని పట్టువట్టిండ్రు.

మధుకర్ మాత్రం వెనుకవడుతడా? ఉన్న ఒక్క సరుకు పోయినోళ్ల ఫోటోలు. వాటికే ఏఐ పెట్టిండు. "మాట్లాడే ఫోటో" అని పేరు పెట్టి, మొదటిసారి ఒక రిటైర్డ్ కండక్టర్ దినాలకు వేసిండు. ఆ కండక్టర్ బతికున్నన్ని రోజులు తిట్టకుంట ఒక్క మాట మాట్లాడి ఎరుగడు. తెర మీద మాత్రం దండ మెడలేసుకొని, దీపం ముంగట నిలవడి, "ప్రియమైన బంధుమిత్రులారా, మీ అందరి ఆత్మీయ సహకారానికి ధన్యవాదాలు" అన్నడు. అతని భార్య కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. "ముప్పై ఏండ్ల సంసారంల నాతోని ఒక్కనాడు గిట్ల మాట్లాడలేదు" అన్నది. అది సంతోషమో దుఃఖమో మధుకర్‌కు అర్థం కాలే. ఆర్డర్లు మాత్రం ఆగలే.

ఇగ రకాలు పెరిగినయి. మామూలు రకంల పోయినాయన అందరిని కలిపి దీవిస్తడు. మంచి రకంల పేరు పేరున దీవిస్తడు. అన్నిటికన్న పెద్ద రకంల, తన అంతిమయాత్రకు విచ్చేసిన స్థానిక నాయకునికి వచ్చే ఎన్నికలల్ల విజయం కలుగాలెనని పైనుంచి కోరుకుంటడు. నోట్ల పండ్లు లేనోళ్లకు పండ్లు వచ్చినయి. చదువురానోళ్లు వార్తలు చదివినట్టు మాట్లాడిండ్రు. అందరికి ఒక్కటే గొంతు ఎందుకున్నదని దీప అడిగితే, "పైకి పోయినంక అందరు సమానమే" అని మధుకర్ సర్దిచెప్పిండు.

తరువాత పిట్ట సమస్య వచ్చింది. మీకు ఎరుకే, మనదాంట్ల పిట్టకు పెట్టుడు ఉంటది. పోయినోళ్లకు ఇష్టమైనవన్ని ఇస్తారాకుల పెట్టి, కాకి వచ్చి ముట్టేదాక పక్కకు నిలవడాలె. కాకి రాకపోతే పోయినోళ్ల మనసుల ఏదో ఉన్నదని అర్థం. ఇంటోళ్లు ఒక్కొక్కరు వచ్చి, నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం, నీ బిడ్డకు కాన్పు చేస్తం అని మాటియ్యాలె. ఏ మాటకు కాకి దిగితే అదే ఆయన కోరిక. ఇప్పుడు కాకులు తక్కువైనయి, జనాలకు ఓపిక తక్కువైంది, మాటిచ్చుడైతే మొత్తానికే తక్కువైంది. అందుకని మధుకర్ ఏఐ పిట్టను తెచ్చిండు. మీట నొక్కంగనే ఎల్‌ఈడీ తెర మీద నల్లగ నిగనిగలాడుకుంట కాకి వస్తది, బువ్వ ముడుతది, తల ఊపుతది, పోతది. ఎవ్వలు ఎవ్వలికి ఏ మాట ఇచ్చే పని లేదు. ఇంతటి సౌకర్యం ఇంకేడ ఉన్నదో మీరే చెప్పాలె.

గప్పుడు కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నం మండలంల ఒక ఊర్ల లస్మయ్య కాలం చేసిండు.

లస్మయ్య చేతనైనన్ని రోజులు తాడిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఇద్దరు కొడుకులు. పెద్దోడు ప్రకాశ్ మస్కట్ల పనిచేస్తడు, బాపు పోయిండని లీవు మీద వచ్చిండు. చిన్నోడు అజయ్ సిరిసిల్లల ఉండి ప్లాట్లు అమ్మిస్తడు. ఊర్ల రోడ్డు మీదనే లస్మయ్య ఇల్లు. ఆ రోడ్డు వెడల్పు చేసిన కాడినుంచి కొడుకులిద్దరికి ఇల్లు కనవడుడు బందయింది, ఇంటి జాగల కట్టబోయే దుకాణాల షట్టర్లు మాత్రమే కనవడుతున్నయి. ప్రాణం పోయేటప్పుడు లస్మయ్య పక్కన ఉన్నది భార్య ముత్తవ్వ ఒక్కతే. నువ్వు బతికున్నన్ని రోజులు ఇల్లు ఎవ్వన్ని ముట్టనియ్యకు అని ఆమెకు చెప్పి కన్ను మూసిండు. ముత్తవ్వకు ఆ ఇల్లు తప్ప వేరే నీడ లేదు. కొడుకుల ఇండ్లల్ల జాగ ఉన్నది గని, కోడండ్ల మొకాలల్ల లేదు.

ప్రకాశ్ కోరుట్లకు వచ్చి మధుకర్‌ను కలిసిండు. పింఛను కోసం తీసిన పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే ఉన్నది, అండ్ల లస్మయ్య లైటు వెలుగుకు కండ్లు మూసుకున్నడు. ఏఐ ఆ కండ్లను తెరిచింది. ఏం మాట్లాడియ్యాల్నో ప్రకాశ్ చెప్తుంటే దీప కంప్యూటర్ల టైపు కొట్టింది. ఇల్లు పెద్ద కొడుక్కు, అవ్వ చిన్న కొడుకు దగ్గర ఉండాలె.

దీప మీటల మీది నుంచి చెయ్యి తీసింది. "ఇవి మీ బాపు అన్న మాటలేనా అన్నా?"

"అనకపోతే ఇప్పుడు అంటడు గదా చెల్లే" అన్నడు ప్రకాశ్.

మధుకర్ గొంతు సవరించుకొని, "మన పని ఫోటో వరకే" అన్నడు. ఆ మాట అతనికే సక్కగ వినవడలే.

పిట్టకు పెట్టే నాడు ఊరంత వచ్చింది. ఇస్తారాకుల కోడికూర, గుడాలు, కుండల కల్లు పెట్టిండ్రు. తెర మీద ఏఐ పిట్ట దిగుతాంది. గదే టైముకు ఎక్కడ్నుంచో నిజమైన కాకి ఒకటి వచ్చి తెర ముంగట వాలింది. "అగో, పిట్ట అచ్చింది!" అని ముత్తవ్వ లేచి నిలవడ్డది.

"తెరకు అడ్డమత్తాంది, గెదుముండ్రి దాన్ని!" అని నలుగురు ఒర్రిండ్రు. గెదిమిండ్రు. తెర మీది పిట్ట ప్రశాంతంగ బువ్వ ముట్టింది, అందరు దండం పెట్టిండ్రు.

తరువాత లస్మయ్య వచ్చి, ఇల్లు ప్రకాశ్‌కు అని స్వచ్ఛమైన భాషల ప్రకటించిండు. ప్రకాశ్ కండ్లు తుడుసుకునేలోపల అజయ్ తన ఫోన్ తీసి తెరకు కలిపిండు. "మా బాపు సిరిసిల్లల గూడ మాట్లాడిండు" అన్నడు.

సిరిసిల్ల స్టూడియోల తయారైన లస్మయ్య సూటు వేసుకున్నడు. మీసం తిప్పిండు. ఇల్లు చిన్న కొడుక్కు, అవ్వ పెద్ద కొడుకు దగ్గర ఉండాలె అన్నడు. ఇద్దరు లస్మయ్యలకు ఒక్క విషయంల మాత్రం పేచీ లేదు. ముత్తవ్వ ఆ ఇంట్ల ఉండొద్దు.

పంచాయితి కులపెద్ద జలపతి ముంగటికి వచ్చింది. జలపతి న్యాయం తెలిసిన మనిషి, ఎటూ మొగ్గడు. రెండు వీడియోలు మళ్ల మళ్ల వేయించుకొని చూసిండు. కోరుట్ల లస్మయ్యకు ఎడమ చేతికి ఆరు వేళ్లున్నయని అజయ్ అభ్యంతరం చెప్పిండు. "పైకి పోయినంక ఏం మొలుత్తయో మనకేం ఎరుక" అని జలపతి కొట్టేసిండు. మా బాపు బతుకంత గోచి తప్ప సూటు ఎరుగడని ప్రకాశ్ అన్నడు. "ఆడ సలి ఎక్కువుంటదేమో" అన్నడు జలపతి. ఆఖరికి తన ఫోన్ల ఉన్న ఏఐనే అడిగిండు. ఇద్దరు లస్మయ్యలు చాలా విలువైన అభిప్రాయాలు వెలిబుచ్చారని, ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు జలపతిని అభినందిస్తున్నానని అది చెప్పింది. జలపతి ఆ అభినందన అందరికి రెండుసార్లు చదివి వినిపించిండు.

గప్పుడు ముత్తవ్వ లేచింది. "ఆయన పాణం పోయేటప్పుడు పక్కన ఉన్నది నేను. ఏం అన్నడో నన్నడుగుండ్రి."

జలపతి జాలిగ చూసిండు. "నువ్వు చెప్తవు అవ్వా, కాదన్నమా. కని వీడియో ఉన్నదా?"

ముత్తవ్వ బస్సెక్కి కోరుట్లకు వచ్చింది. స్టూడియో గడప మీద కూసున్నది. "కొడుకా మధుకర్, నాది గూడ ఒక వీడియో తియ్యి. నా ఇల్లు పోతాంది" అన్నది. మధుకర్ లేచి ఆమెకు కుర్చీ వేసిండు. ఆ దిక్కుమాలిన కోరుట్ల లస్మయ్యను చేసింది తనే గదా.

"ఏఐ గీఐ ఏమద్దు. ఉన్నది ఉన్నట్టు తియ్యి" అని దీప గట్టిగ చెప్పింది. మధుకర్ బాపు కాలంనాటి కెమెరా స్టాండు తెచ్చి నిలవెట్టిండు.

"నీళ్లడిగిండు" అన్నది ముత్తవ్వ కెమెరాను చూసి. "తాపిన. గా లైటు కండ్లల్ల కొడుతాంది కొడుకా... నా చెయ్యి పట్టుకున్నడు. ఇల్లు ఇడువకు ముత్తీ, నువ్వున్నన్ని రోజులు ఎవ్వన్ని ముట్టనియ్యకు అన్నడు. మళ్ల నీళ్లడుగుతడని చెంబు అట్లనే పట్టుకొని కూసున్న. అడుగలే." ఆమె ముక్కు చీది, ఏం చేయాల్నో తోచక కెమెరాకు దండం పెట్టింది. దీప ఏడుసుకుంట లోపటికి పోయింది.

పంచాయితిల ఆ వీడియో వేసిండ్రు. ముగియంగనే జలపతి తల అడ్డంగ ఊపిండు. "ఇది ఏఐ."

"నేనే తీసిన మామా!" అన్నడు మధుకర్.

"నువ్వు ఏఐ అని బోర్డు పెట్టుకున్నోనివే గద. సూడు, మాట తడవడుతాంది. ఒక కంట్లనే నీళ్లత్తున్నయి. నడుమ లైటు ముచ్చట ఎందుకచ్చింది? ఎనుక మ్యూజిక్ గూడ లేదు. నిజమైన మనిషి గిట్ల మాట్లాడుతదా?" అందరు అవునన్నరు. కొడుకులిద్దరు ఆ ఒక్క విషయంల ముందుగాల ఒప్పుకున్నరు.

మధుకర్‌కు రోషం వచ్చింది. మీకు తెర మీది మనిషే కావాల్నా, ఆగుండ్రి అనుకున్నడు. ముత్తవ్వ మాటలు మాట పొల్లు పోకుంట ఏఐకి ఇచ్చిండు. ఏఐ వాటిని మెరుగుపరిచింది. "ప్రియమైన బంధుమిత్రులారా! నా జీవిత భాగస్వామి శ్రీ లస్మయ్య గారి ఆశయం మేరకు, నేను జీవించి ఉన్నంత కాలం ఈ గృహం నా అధీనంలోనే ఉండును." మొకం నున్నగైంది, చీర పట్టుచీరైంది. మెడల దండ పడ్డది, ముంగట దీపం వెలిగింది.

"దండ ఎందుకేసినవయ్యా, ఆమె ఈడ కూసున్నది గదా!" అన్నది దీప.

"నేనేసిన్నా? ముసలోళ్ల ఫోటో కనవడితే అదే ఏస్తాంది. తీస్తే దండతోని మెడ గూడ పోతాంది." నిజమే. ఇన్ని రోజులు దానికి చూపెట్టినయన్ని పోయినోళ్ల ఫోటోలే. ముసలితనం అంటే దండ అని అది నేర్చుకున్నది.

"దండే గదా కొడుకా" అన్నది ముత్తవ్వ. "ఉండనియ్యి. నా ఇల్లు నాకు దక్కితె సాలు."

ఈసారి పంచాయితిల వీడియో మొదలుకాంగనే జలపతి భుజం మీది తువ్వాల తీసి లేచి నిలవడ్డడు. అందరు లేచిండ్రు. ప్రకాశ్, అజయ్ తెర ముంగట సాగిలవడ్డరు. "అవ్వా, ఎంత సక్కగ చెప్పినవే!" అని ప్రకాశ్ ఎక్కెక్కి ఏడ్చిండు. లేచినోళ్ల ఎనుక చిక్కుకొని ముత్తవ్వకు తెర కనవడలే. వీడియో అసలుదేనని, ముత్తవ్వ జీవించి ఉన్నంత కాలం ఇల్లు ఆమెదేనని జలపతి తీర్పు చెప్పిండు. మధుకర్‌కు పాణం నిమ్మళమైంది.

"మరి మెడల దండ ఉన్నది గదా మామా?" అన్నడు అజయ్.

జలపతి వీడియో మళ్ల వేయించిండు. దండ ఉన్నది. దీపం ఉన్నది. జలపతి బాగ ఆలోచించిండు. "వీడియో అసలుదని నేనే అంటి. మాట నమ్మి, దండ నమ్మకపోతే న్యాయం ఎట్లయితది? ఉన్నంత కాలం ఆమెది. ఆ కాలం అయిపోయింది."

మధుకర్ ఎగిరి లేచిండు. "పెద్దమ్మ గీడనే కూసున్నది గదనే మామా!"

"కూసున్నది నాకు కనవడతలేదా? నేను గుడ్డోన్నా?" అన్నడు జలపతి నొచ్చుకొని. "కని రికార్డుల ఏమున్నదో గది సూడాలె గదా."

అన్నదమ్ములిద్దరు అలాయ్ బలాయ్ తీసుకున్నరు. ఏండ్ల తరబడి మాటల్లేని ఇద్దరిని ఏఐ కలిపిందని ఊరంత మెచ్చుకున్నది. షట్టర్లు చెరిసగం అనుకున్నరు. మధుకర్ అరిచిండు, జలపతి కాళ్లు పట్టుకున్నడు, ఆ వీడియో తప్పని నెత్తి కొట్టుకొని చెప్పిండు. తన సరుకు గురించి తనే తక్కువ చేసి చెప్పుకునే వినయం ఈ కాలంల ఎవలకున్నదని అందరు సంతోషించిండ్రు.

జగిత్యాలల ఇంకో సదస్సు పెట్టి అతనికి సన్మానం చేసిండ్రు. కస్టమర్ చనిపోకముందే సేవలందించిన తొలి స్టూడియో అని నిపుణుడు పొగిడిండు. సదస్సు నుంచి బయటికి వచ్చేసరికి, ఇంట్ల ఉన్న ముసలోళ్లకు ముందుగాలనే దండ వీడియో చేయించుకుంటమని పదిమంది అతని ఎంబడి పడ్డరు. శాలువ ఆటోలనే మరిచిపోయి, మధుకర్ సీదా ఇబ్రహీంపట్నం బస్సెక్కిండు.

ఇంటికి తాళం పడ్డది. ముత్తవ్వ బయట గద్దె మీద మూటతోని కూసున్నది. సంతాపం చెప్పడానికి వచ్చినోళ్లు వస్తున్నరు, పోతున్నరు, లోపల కొడుకులు లేరా అని ఆమెనే అడుగుతున్నరు. ఇద్దరు మనుషులు ఆమె దండ ఫోటో ఫ్లెక్సీ తెచ్చి గోడకు కడుతున్నరు. "జర గీ తాడు పట్టుకో అవ్వా" అన్నడు ఒకడు. ఆమె లేచి పట్టుకున్నది. మధుకర్ ఉరికివచ్చి ఆ తాడు గుంజుకున్నడు గని, గుంజుకొని ఏం చేయాల్నో అతనికి తెలువలే.

ఇదంత చదివి మీకు ముత్తవ్వ మీద జాలి పుట్టే ఉంటది. మీ ఫోన్ తీసి ఒకసారి చూసుకోండి. ఆ వీడియో మీ వాట్సాపు గ్రూపులకు గూడ వచ్చింది. ఆమె గద్దె మీద కూసున్న పొద్దునే, ఆ వీడియో కింద రెండు చేతులు జోడించి, ఆమె ఆత్మకు శాంతి కలుగాలెనని మీరు రాసిండ్రు.